క్వార్టర్ నంబరూ పుట్టుమచ్చా

"మేడమ్, యే నదీ కౌన్ సీ మశీన్ హై?" అని అడిగింది ప్రింటర్ మార్చడానికి వచ్చినావిడ.

భిలాయ్ నెహ్రూ నగర్‌లోని ఏదో కంపెనీవాళ్లు పంపితే వచ్చింది. ఇంచుమించు నా వయసే ఉంటుంది. మా బడి ఆఫీసులో పాత ప్రింటర్ తీసేసి కొత్తది పెట్టాలి. తీసేముందు దాని సెట్టింగులన్నీ రాసుకుంటానని నా కుర్చీలో కూర్చుని, నా కంప్యూటర్లోనే ప్రింటర్ పేజీ తెరిచింది. అందులో రెండు జాబితాలున్నాయి. మొదటిది ఈ ప్రింటర్‌కి కాగితాలు పంపడానికి అనుమతి ఉన్న కంప్యూటర్లది. మూడే మూడు: ప్రిన్సిపాల్‌గారిది, పరీక్షల విభాగానిది, ఆఫీసులో నేను వాడేది. రెండోది, పంపినా తీసుకోకూడని కంప్యూటర్లది. అందులో ఒక్కటే ఉంది. దాని ఎదురుగా ఇంగ్లీషులో ఎన్, ఏ, డీ, ఐ అని నాలుగు అక్షరాలు. ఆవిడ నది అని చదివింది.

దుర్గ్ వైపు శివనాథ్ నది ఉంది గాని, మా బళ్లో నది పేరున్న కంప్యూటరేదీ నాకు తెలియదు. ఆవిడకి ఇంకో అనుమానం కూడా వచ్చింది. మొదటి జాబితాలో లేని కంప్యూటర్లకి ఎలాగూ కాగితం రాదు కదా, మళ్లీ ఈ ఒక్కదాన్నీ విడిగా రాసి ఆపడం ఎందుకు, తాళం వేసిన తలుపుకి మేకులు కూడా కొట్టినట్టు, అంది. "హటా దూఁ?" తీసెయ్యనా అంటూ మౌస్ మీద చెయ్యి వేసింది.

ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు. ఆ జాబితాలు రాసిన మనిషి కిందటి వానాకాలంలో పోయారు. ఆయన రాసింది ఒక్క అక్షరం చెరపాలన్నా ముందు ఆయన్ని అడగాలన్న అలవాటు నాకింకా పోలేదు. ఆవిణ్ణి టీ తాగి రమ్మని పంపించి, నేను ఆ నాలుగక్షరాల ముందు కూర్చున్నాను.

బళ్లో అందరూ ఆయన్ని పర్మిట్ బాబా అనేవారు, వెనకాల. నేను బాబాయ్ అనేదాన్ని, ఎదురుగానే. చేరిన మొదటిరోజు సార్ అని పిలిచాను. "సారేటమ్మా సారు! తెలుగుదానివి కాదేటి? బాబాయ్ అను, నోరేటీ అరిగిపోదు" అన్నారు. ఆ ఒక్క మాటతో నా భయం సగం పోయింది. ఇంట్లో తప్ప బయట పెద్దగా తెలుగు వినపడని ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న మాట్లాడే తెలుగుని ఆఫీసులో, అంత గట్టిగా, సిగ్గుపడకుండా మాట్లాడే మనిషిని చూడటం అదే మొదలు.

ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు. విజయనగరం దగ్గర పల్లె అని, ఉక్కు ప్లాంటులో మీటర్లు బాగుచేసే పని చేసి రిటైరయ్యారని, తెలుగువాళ్ల సంఘం నడిపే మా బళ్లో కంప్యూటర్లు చూసుకోవడానికి చేరారని, అంతవరకే. నాకు బాగా తెలిసింది ఆయన చప్పుడు. బళ్లోకి కూడా ప్లాంటు బూట్లే వేసుకొచ్చేవారు, ముందు ఇనుప తొడుగు ఉండేవి. వరండా చివర ఆ బూట్లు వినబడగానే టీచర్లు ప్రింటర్ పక్కనుంచి మెల్లిగా తప్పుకునేవారు. చొక్కా జేబులో పెన్ను పక్కన సన్నటి పెయింటు బ్రష్షు ఒకటి ఉండేది, ప్రింటర్ సందుల్లో దుమ్ము దులపడానికి. ప్రింటర్ మీద కప్పడానికి వాళ్లావిడ పాత చీర కత్తిరించి అంచు కుట్టించి తెచ్చారు. కాగితాల కట్ట విప్పగానే రెండు చేతులతో పట్టుకుని పేకముక్కల్లా టపటపా ఊపి, అప్పుడు పెట్టేవారు. "కాయితాలకి ఊపిరాడాల. లేకపోతే ఒకదాన్నొకటి కరిసీసుకుంటాయి" అనేవారు. ఆ మాట అబద్ధం కాదు. నేను ఊపకుండా పెట్టినప్పుడల్లా మూడేసి కాగితాలు ఒకేసారి లోపలికి పోయి ఇరుక్కునేవి.

ఇంకో అలవాటు. ఆయన ఎవరినీ పేరు అడిగేవారు కాదు, ప్లాంటువాళ్లు ఇచ్చిన క్వార్టర్ నంబరు అడిగేవారు. ఏ సెక్టారు, ఏ స్ట్రీటు, ఎన్నో నంబరు, ఎ నా, బి నా? ఆ తర్వాత మనిషి పేరు ఏదైనా ఆయనకి అనవసరం. హిందీ టీచరు ఆయనకి "స్ట్రీట్ పదిహేను, నాలుగు బీ". సైన్సు టీచరు "స్ట్రీట్ ఇరవై, మామిడిసెట్టు క్వార్టరు". ఈ ఊళ్లో మా ముందుతరం వాళ్లందరికీ కాస్తో కూస్తో ఉన్న అలవాటే అది. పెళ్లిచూపుల్లో కూడా ఇంటిపేరు కన్నా ముందు క్వార్టర్ నంబరు అడిగే ఊరు మాది. ఈయనకి మరీ ముదిరిపోయింది.

నన్నూ అడిగారు. క్యాంప్ వన్ అని చెప్పాను. క్యాంపులో క్వార్టర్లుండవు, ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చునుంటాయి. ఆయన మొహం చూడాలి! "క్యాంపోళ్లకి నంబరుండదు గదా. మరి నిన్నెలగ గుర్తెట్టుకోడం?" అని నిజంగానే ఇబ్బంది పడ్డారు. నేను నింపి ఇచ్చిన ఫారం తిరగేసి, గుర్తింపు చిహ్నం అన్న చోట ఆగారు. "ఎడం చేతి మణికట్టు మీద పుట్టుమచ్చ. ఏదీ, సూపించు." చూపించాను. కళ్లజోడు పైకి నెట్టి, మీటరు చూసినట్టు చూశారు. "ఆఁ. ఇంక నువ్వెక్కడున్నా పట్టీసుకుంటాను."

ఇక ప్రింటర్ సంగతి. మా బళ్లో ఒక్కటే పెద్ద ప్రింటరు, ఆఫీసులో ఉండేది. తీగలతో, వైఫైతో బళ్లోని కంప్యూటర్లన్నిటికీ కలిపి ఉండేది కాబట్టి ఎవరు ఎక్కడనుంచి నొక్కినా కాగితం ఇక్కడ వచ్చేది. గృహప్రవేశం ఆహ్వానాలూ పిల్లల జాతకాలూ కూడా దాంట్లోంచే వచ్చేవట. కమిటీవాళ్లు విసిగిపోయి ఏదో ఒకటి చెయ్యమన్నారు. ఆయన మూడు కంప్యూటర్లకి తప్ప మిగతావాటన్నిటికీ ప్రింటర్‌ని మూసేశారు. పరీక్ష పేపర్లు కూడా అందులోనే తీస్తాం కాబట్టి అందరూ తలలూపారు, ఆ తర్వాత ఆయన్ని తిట్టుకున్నారు. అలా వచ్చిందే పర్మిట్ బాబా అన్న పేరు. ప్లాంటులో పర్మిట్ లేనిదే ఎవరూ ఏ యంత్రం మీదా చెయ్యి వెయ్యరు కదా, ఈయన ఆ ప్లాంటుని బళ్లోకి తెచ్చి పెట్టారని.

ఆ మాట నిజమే. ప్రింటర్ తుడవాలన్నా ముందు స్విచ్ ఆపి, దానికి దారంతో ఒక అట్టముక్క కట్టేవారు. మీద ఆయన సంతకం. ఒకసారి ఆయాగారు తొందరపడి ఆ అట్టముక్క విప్పేసి స్విచ్ వేసింది. ఆయనకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆవిడ చేతిలోంచి అట్టముక్క లాక్కుని, స్విచ్ ఆపి, మళ్లీ కట్టేశారు. తర్వాత నాతో అన్నారు: "ట్యాగు కట్టినోడే విప్పాలమ్మా. లోపల సెయ్యెట్టినోడు ఆడు. ఇంకోడు విప్పితే లోపలున్నోడు ఏటయిపోతాడు?"

నాకు వెటకారం ఎక్కువ. "కట్టినవాడు సెలవు పెట్టి ఊరెళ్లిపోతే, యంత్రం అలాగే పడుండాలా బాబాయ్?" అన్నాను.

"అప్పుడు పనికి జవాబుదారీ ఉన్నోడు రావాల. అందరూ బయటికొచ్చీసేరా లేదా అని ఒక్కొక్కణ్ణీ కళ్లతో సూసుకోవాల. సంతకం ఎట్టాల. అప్పుడు విప్పాల."

"ప్రింటర్లో ఎవరు చచ్చిపోతారు బాబాయ్?"

"ప్రింటరైతేటి, ఫర్నేసైతేటి? ట్యాగు ట్యాగే."

ఆ మూడు కంప్యూటర్లనీ ప్రింటర్ ఎలా గుర్తుపడుతుందని ఇంకోరోజు అడిగాను. ఆయన ఎంత సంబరపడిపోయారో! అప్పటిదాకా ఎవరూ అడగలేదట. కుర్చీ లాక్కుని చెప్పారు. ప్రతి కంప్యూటరుకీ రెండు గుర్తులుంటాయి. ఒకటి ఐపీ అడ్రసు. అది క్వార్టర్ నంబరు లాంటిది. రౌటర్ అనే డబ్బా ఉంటుందే, అది హౌసింగ్ ఆఫీసు. వచ్చినవాడికి వచ్చినట్టు నంబరు అలాట్ చేస్తుంది. రెండోది మ్యాక్ అడ్రసు. అది పుట్టుమచ్చ. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడే ఒంటి మీద పడుతుంది, ఎక్కడికెళ్లినా మారదు.

"మరి మీ లిస్టు క్వార్టర్ నంబరు చూస్తుందా, పుట్టుమచ్చ చూస్తుందా?"

"క్వార్టర్ నంబరే. మనూర్లో ఎవుడైనా పుట్టుమచ్చ సూస్తాడేటి?" అని పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. నా కంప్యూటర్‌ది పద్నాలుగో నంబరు. దాన్ని ఆయన తన చేత్తో జాబితాలో రాసి, "నువ్వు పద్నాలుగు ఎ" అని నాకొక క్వార్టర్ కూడా ఇచ్చేశారు. క్యాంపు పిల్లకి నంబరు దొరికిందని ఆయనకి నాకన్నా ఎక్కువ ఆనందం.

ఆ పద్నాలుగే నా కొంప ముంచబోయింది.

పదో తరగతి ప్రీబోర్డు లెక్కల పరీక్ష రేపనగా, ఆ పేపరు ఊరంతా ఫోన్లలో తిరిగింది. కాగితం మీద ముడతతో సహా ఫొటో. పరీక్ష ఆగిపోయింది. కమిటీవాళ్లు ప్రింటర్ రికార్డు తీయించారు. ముందురోజు మధ్యాహ్నం మూడున్నరకి ఆ పేపరు ఒక కాపీ వచ్చింది. పంపింది పద్నాలుగో నంబరు.

పద్నాలుగు నేను.

ఆ రోజు మా అమ్మ కళ్లు చూపించాలని నేను మూడింటికే వెళ్లిపోయాను. చెప్పాను. కంప్యూటర్ ఆపేసి వెళ్లానని కూడా చెప్పాను. ఆపింది నువ్వే, చూసింది నువ్వే, అన్నారు. క్యాంపులో ఎవరికిచ్చావని అడిగారు ఒకరు. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను. శనివారం మీటింగ్ అయ్యేదాకా రావద్దన్నారు. మా నాన్న జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తూ నడుము పట్టేసి ఇంట్లో కూర్చున్న రోజులవి. ఇంట్లో జీతమంటూ వచ్చేది నాకొక్కదానికే. అది పోయినా ఇంకోటి వెతుక్కుంటాను గాని, పేపరు లీకు చేసిందన్న పేరుతో భిలాయ్‌లో, దుర్గ్‌లో ఏ బడి గుమ్మం ఎక్కగలను? నన్ను నిలబెట్టి అడుగుతున్నంతసేపూ బాబాయ్ గోడకి ఆనుకుని నేల చూస్తూ ఉన్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఈయన కూడా నమ్మేశారనుకున్నాను. అందరి మీదకన్నా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

శుక్రవారం సాయంత్రం మా సందులో గోల. బయటికొచ్చి చూస్తే ఇనుప బూట్లు. సందు మొదట్లో నిలబడి, కుళాయి దగ్గర ఆడవాళ్లని చెయ్యి చూపించి అడుగుతున్నారు: "ఇక్కడ పుట్టుమచ్చ... ఇదుగో, ఇక్కడ... తెలుగోళ్లమ్మాయి, స్కూల్లో పని సేస్తాది..." ఇన్నాళ్లూ కలిసి పనిచేసిన మనిషికి నా పేరు గుర్తులేదు! అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది.

లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నారు. మా అమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టేశారు. "ఆవేళ నువ్వు కంప్యూటరు ఆపీసి ఎల్లేక కరెంటు పోయినాది. గేపకముందా?"

"నేను లేను కదా బాబాయ్."

"అవును, నువ్వు లేవు." అదే మాట తనలో తను మళ్లీ అనుకున్నారు. "పోయింది, వొచ్చింది. రౌటరు పాత అలాట్‌మెంట్లన్నీ మర్సిపోయి మళ్లీ మొదటికాడ్నించి పంచింది. నువ్వు లేవు. పద్నాలుగు కాళీ. ఎవుడో లోపలికొచ్చేడు. నా ప్రింటరు గుమ్మంలో నిలబడి నంబరు సూసింది, రమ్మంది." మూడు రోజులుగా బళ్లో ఉన్న కంప్యూటర్లూ ల్యాప్‌టాపులూ ఒక్కొక్కటీ తెరిచి, వాటి పుట్టుమచ్చలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నారట. రౌటర్లో ఆ మూడున్నరకి పద్నాలుగులో ఎవరున్నారో దాని పుట్టుమచ్చ ఉంది. రెండూ కలిశాయి. "నీది కాదమ్మా. నీది కాదని నాకు మొదట్నించీ తెల్సు. తెలిస్తే సాలదు గదా, సూపించాల. అందికే నోరిప్పలేదు."

అప్పుడు ఏడ్చాను. ఆయనకి ఏడుపు చూడటం చేతకాదు. లేచి, మా ఇంటి కరెంటు మీటరు దగ్గరికి వెళ్లి, దాన్నే చూస్తూ నిలబడ్డారు. "ఇది స్పీడు తిరుగుతున్నాది. కంప్లైంటు ఎట్టండి" అని మా నాన్నకి చెప్పి వెళ్లిపోయారు.

మర్నాడు మీటింగు. మా కమిటీ ఛైర్మన్‌గారు కూడా ప్లాంటు రిటైరీయే, తెలుగాయనే. బాబాయ్ లేచి ఐపీ అనలేదు, మ్యాక్ అనలేదు.

"సార్, మీరు సెక్టారులో క్వార్టరుకి మారిన కొత్తల్లో ముందున్నోడి ఉత్తరాలు ఎన్నాళ్లొచ్చేయి?"

ఛైర్మన్‌గారు ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "రెండేళ్లు వచ్చాయి. ఒకసారి అతని కోసం పోలీసులు కూడా వచ్చారు" అన్నారు.

"మిమ్మల్ని తీసుకెల్లిపోయేరేటి?"

"నన్నెందుకు తీసుకెళ్తారయ్యా? నేను వేరే మనిషిని, ఆయన ఖాళీ చేసి వెళ్లిపోయాడని చెప్పాను."

"ఈ అమ్మాయీ అదే సెప్తంది సార్. మూడ్రోజులై."

అక్కడున్న ప్రతివాళ్లూ ఏదో ఒక క్వార్టర్లో ముందున్నవాళ్ల ఉత్తరాలు అందుకున్నవాళ్లే. ఒక్కరికి కూడా రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆయన నోటుబుక్కు బల్లమీద పెట్టారు. ఆ సమయానికి పద్నాలుగులో ఉన్నది ఒక ల్యాప్‌టాప్ అని చూపించారు. ఎవరిదని కమిటీవాళ్లు అడిగారు. ఆయన చెప్పలేదు. నాకు తర్వాత తెలిసింది, లెక్కల మాస్టారిది. పాపం ఆయన పేపరు తయారుచేసుకుని, అలవాటు కొద్దీ ప్రింట్ నొక్కారట. ఎప్పుడు నొక్కినా ఒక్క కాగితం కూడా రానివ్వని ప్రింటరు కదా, ఈసారీ రాదనుకుని మూసి ఇంటికెళ్లిపోయారు. ఈసారి వచ్చింది. టీసీ కోసం వచ్చిన ఎవరి కాగితాలతోనో కలిసి బయటికెళ్లిపోయింది. లెక్కల మాస్టారు అదే గదిలో గోడవార కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నారు. చెప్పడానికి లేవబోతే, బాబాయ్ చేత్తోనే కూర్చోమన్నారు.

"ఎవరిదో మీకెందుకు సార్? తలుపు తీసుంటే లోపలికొచ్చినోడిది తప్పేటి? అలాట్ సేసినోణ్ణి నేను. పుట్టుమచ్చ సూడాలసినోణ్ణి, నంబరు సూసి ఊరుకున్నాను. తప్పు నాది. ఇంకెవుల్దీ కాదు."

నాది. ఆ మాట అన్నప్పుడు గుండె మీద చెయ్యి పెట్టుకోలేదు, గొంతు పెంచలేదు. క్వార్టర్ నంబరు చెప్పినట్టు చెప్పారు.

నా ఉద్యోగం నిలిచింది. ఛైర్మన్‌గారు నాతో క్షమించమ్మా అన్నారు కూడా. ఆయన్ని తీసెయ్యలేదు గాని, ప్రింటర్ పాస్‌వర్డు బయటి కంపెనీకి ఇచ్చెయ్యమన్నారు. బాబాయ్ ఒక్క పూట గడువు అడిగారు, జాబితా సరిగ్గా రాసి అప్పగిస్తానని. ఆ మధ్యాహ్నం ఆఫీసు తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కరే కూర్చున్నారు. బయటికొచ్చి, పుట్టుమచ్చల నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "నీ కాడుండనీ" అన్నారు.

ఆ తర్వాత రెండేళ్లు బళ్లో ఉన్నారు. ఆ రెండేళ్లూ ఏ కాగితం కావాలన్నా ల్యాబు నుంచి పెన్‌డ్రైవు పట్టుకుని, ఆ బూట్లు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చేవారు. "అమ్మా, ఒక్క కాయితం కొట్టీవా?" నేను ఆటపట్టించేదాన్ని. "లిస్టు రాసినాయనకే కాగితానికి దిక్కులేదా?" ఆయన నవ్వేవారు. "నా కంప్యూటరు ముసిల్దైపోయినాదమ్మా. ప్రింటరు దాని మాట ఇనట్లేదు." కాలక్షేపానికి, నాలుగు తెలుగు మాటలు మాట్లాడుకోవడానికి వస్తున్నారనుకున్నాను. అదీ నిజమే అయ్యుంటుంది. ఒక పరీక్షల సీజన్లో, పనిలో ములిగి ఉన్నప్పుడు, మొహం కూడా ఎత్తకుండా అనేశాను: "కంపెనీవాళ్లకి చెప్పి మీదీ లిస్టులో పెట్టించుకోరాదా బాబాయ్, ఎన్నిసార్లు తిరుగుతారు?" ఆయన పెన్‌డ్రైవు జేబులో వేసుకుని, "రేపొస్తాన్లే అమ్మా" అన్నారు. మర్నాడు వచ్చారు.

ఇంతలో ప్రింటర్ ఆవిడ టీ తాగి వచ్చేసింది.

సొరుగు తీసి ఆ నోటుబుక్కు బయటికి లాగాను. తెర మీద ఆ నాలుగక్షరాల పక్కన ఉన్న పుట్టుమచ్చని ఆవిణ్ణి చదవమన్నాను. రెండేసి అక్షరాల చొప్పున ఆవిడ చదువుతుంటే నేను వేలు పెట్టి వెతికాను. లెక్కల మాస్టారి ల్యాప్‌టాప్ కాదు. ఆఖరి పేజీలో, ఆఖరి వరసలో దొరికింది. "ల్యాబు, కిటికీ పక్క బల్ల" అని ఆయన దస్తూరీ.

కిటికీ పక్క బల్ల ఆయనదే.

మళ్లీ తెర మీదికి చూశాను. ఎన్, ఏ, డీ, ఐ. అది నది కాదు. నాది.

మూడు కంప్యూటర్ల జాబితాలో తనది లేకపోతే చాలు, కాగితం రాదు. ఆ సంగతి ఆయనకన్నా ఎవరికి బాగా తెలుసు? అయినా ఆ మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని, రెండో జాబితా తెరిచి, అందులో తన కంప్యూటరొక్కదాన్నే రాసుకుని, తన ట్యాగు తనే కట్టుకుని వచ్చారు. ఎవరూ వెయ్యని శిక్ష. రెండేళ్లు మా వరండా పొడుగునా నడిచి దాన్ని అనుభవించారు. నేనేమో ఎన్నిసార్లు తిరుగుతారని విసుక్కున్నాను. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆవిడ కంగారుపడి, "క్యా హువా దీదీ?" అంది.

"నదీ నహీఁ, నాది. తెలుగు హై."

"మత్లబ్?" అని అర్థం అడిగింది.

"మత్లబ్, మేరా."

"ఆప్‌కా?" అంది నా వైపు వేలు చూపిస్తూ.

"ఉన్‌కా" అన్నాను, ఆయనది అని. ఆవిడకి అర్థమై ఉండదు. ఆ మశీను తుక్కులోకి పోయి ఉంటుంది కదా, ఇక తీసెయ్యనా అంది.

ట్యాగు కట్టినవాడే విప్పాలి. కట్టినాయన లేరు. ప్రింటర్‌కి జవాబుదారీ ఇప్పుడు నాది, పరీక్షల విభాగం నేనే చూస్తున్నాను. ఒక్క నిమిషం ఆగమని చెప్పి వరండాలోకి నడిచాను. పదో తరగతి కిటికీ దగ్గర ఆగాను. లెక్కల మాస్టారు బోర్డు మీద వృత్తం గీస్తున్నారు, జుట్టు తెల్లబడింది. ఆ చివర ఆఫీసు అద్దంలో నేను కనబడ్డాను. మణికట్టు తిప్పి చూసుకున్నాను. ఉంది.

తిరిగొచ్చి, నోటుబుక్కులో కిటికీ పక్క బల్ల అన్న వరస కింద రాశాను: అందరం బయటే ఉన్నాం బాబాయ్, కళ్లతో చూశాను. కింద సంతకం పెట్టాను. అప్పుడు ఆవిణ్ణి తీసెయ్యమన్నాను.